నలభై ఒకటి దాకా ఊదిన కొమురెల్లి

ఆ ఏడాది తార్నాకలో ఎవరు ఒకటీ రెండూ అని లెక్కపెట్టినా కొమురెల్లి గుండె దడదడలాడేది. కూరగాయలామె నిమ్మకాయలు లెక్కపెట్టినా సరే, పక్కింటి పిల్ల మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కినా సరే, పదిహేను దాటేసరికి అతనికి అరచేతులు చెమటలు పట్టేవి. ఇరవై దాటితే అక్కడ నిలబడలేక ఏదో పని ఉన్నట్టు వెళ్లిపోయేవాడు. నలభై నాలుగేళ్ల మనిషి, పెళ్లి ఊరేగింపుల్లో బెదిరిన గుర్రాల పక్కన నడుస్తూ కూడా స్వరం తప్పనివాడు, అంకెలకు భయపడటమేమిటని నవ్వు రావచ్చు. సంగతి విన్నాక నవ్వితే మంచిది.

కొమురెల్లిది చేర్యాల వైపు ఒక పల్లె. రెండెకరాల చెలకను నమ్ముకుంటే గంజి కూడా పుట్టదని మేనమామ పదిహేనేళ్ల వయసులోనే పట్నానికి తీసుకొచ్చి ముషీరాబాద్‌లో ఒక బ్యాండు మేళంలో వదిలాడు. మొదట తాళాలు కొట్టాడు, తర్వాత క్లారినెట్టు చేతికొచ్చింది. స్వరాలు రాసుకోవడం తెలియదు. ఒకసారి చెవిన పడితే చాలు, రెండోసారి అతని వేళ్ల కింద పలికేది. పదహారేళ్లు అలా ఊరేగింపుల ముందు నడిచాక, ఎవరో పుణ్యాత్ముడు చెప్పి పెట్టించగా యూనివర్సిటీ కెమిస్ట్రీ డిపార్టుమెంటులో అటెండరు అయ్యాడు. తార్నాక నుంచి లాలాపేట్ వెళ్లే సందులో రెండు గదుల పెంకుటిల్లు అద్దెకు తీసుకున్నాడు. భార్య సమ్మక్క, ఒక బర్రె, ఆ క్లారినెట్టు, ఇవీ అతని ఆస్తి.

డిపార్టుమెంటులో అతని పని గాజు సామాను కడగడం, అడిగినవి అందించడం, కుళ్లిన కోడిగుడ్ల వాసనొచ్చే గ్యాసు గదికి కాపలా కాయడం. ఆ గదిలో తొమ్మిదేళ్లు గడిపినవాడి ఊపిరితిత్తులు ఎంత బాగుంటాయో అంతే బాగున్నాయి అతనివి. విద్యార్థులు “ఏయ్ కొమురెల్లీ, బీకరు తే” అనేవారు. అతను తెచ్చేవాడు. అందులో అతనికి కష్టమేమీ అనిపించేది కాదు, ఎందుకంటే అంతకన్నా మంచి పిలుపు ఒకటుంటుందని అప్పటికి తెలియదు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక స్టోరు గదిలో తలుపు దగ్గరేసుకొని మెల్లగా క్లారినెట్టు ఊదుకునే అలవాటు అతనికి ఉండేది. అది ఒకరోజు రంగనాథ్ చెవిన పడింది. రంగనాథ్ అప్పుడే బి.ఎ.లో చేరిన కుర్రాడు. తండ్రి అనంతపురం నుంచి వచ్చి యూనివర్సిటీ ఆఫీసులో పనిచేస్తూ విద్యానగర్‌లో కాపురం పెట్టాడు. ఈ పిల్లవాడికి ఒళ్లో పడుకోబెట్టి వాయించే హవాయి గిటారు పిచ్చి. సీతాఫల్‌మండి నుంచి అకార్డియన్ వాయించే మిత్రుణ్ని, లాలాపేట్ నుంచి బోంగోలనే జంట డోళ్లు వాయించే ఒక రైల్వే కార్మికుణ్ని పట్టుకున్నాడు, నాలుగోవాడుగా కొమురెల్లిని కలుపుకున్నాడు. బ్యాండుకు ‘క్యాంపస్ ఫోర్’ అని పేరు పెట్టాడు. పాట పాడేవాడు మాత్రం వద్దన్నాడు. “పాడేవాడొకడుంటే వాయించేవాళ్లను ఎవరూ చూడరు కొమురెల్లీ. మన వాద్యాలే మాట్లాడల్ల” అనేవాడు. ఉత్త వాయిద్యాల బ్యాండు అనేది అప్పట్లో పట్నానికే కొత్త.

వాళ్లు ఎన్నో వాయించేవాళ్లు. రంగనాథ్ సొంతంగా కట్టిన ‘తొలకరి’ అని ఒకటుండేది. ఏడు నిమిషాలు, మబ్బు పట్టి, ఆగి, మళ్లీ పట్టి, చివరికి నాలుగు చినుకులు రాలినట్టుండేది. కొమురెల్లిది ఒక నాట్ల బాణీ. పొలంలో ఆడవాళ్లు పాడుకునేదాన్ని క్లారినెట్టుకు ఎత్తి, చివర ఒక్క స్వరాన్ని లాగి నిలబెట్టేవాడు. మొదటి రెండేళ్లు హాస్టలు పండుగల్లో, ప్రొఫెసర్ల ఇళ్లలో శుభకార్యాల్లో వాయించారు. విన్నవాళ్లు బాగుందన్నారు, టీ తాగి ఇళ్లకు వెళ్లారు. ఆ రెండేళ్లలో కొమురెల్లి నిద్ర ఒక్కరోజు కూడా చెడలేదు.

సుబ్బరాయుడు వచ్చాకే చెడింది. సుబ్బరాయుడు మద్రాసులో ఒక రికార్డుల కంపెనీకి ఊరూరా తిరిగి కొత్త సరుకు ఏరితెచ్చి, దగ్గరుండి రికార్డు చేయించే మనిషి. కడప జిల్లావాడు. బొద్దుగా, చల్లగా, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు. ప్రొఫెసర్ ఇంట్లో బ్యాండు విని, చివర్న నలుగురినీ వరండాలో కూర్చోబెట్టాడు.

“చూడండప్పా, గ్రామఫోను ప్లేటుకు ఒక పక్క మూడు నిమిషాలు. ఏడు నిమిషాల మబ్బులు ఎవరు వింటారు? తొలకరి వద్దు. ఆ అకార్డియన్ తగ్గించల్ల. పాట లేని ప్లేటు అమ్ముడుపోవల్లంటే అందులో ఒక వింత ఉండల్ల. ఈయప్ప కడాకు ఆ స్వరం లాగుతాడే, అదీ వింత” అన్నాడు కొమురెల్లిని చూపిస్తూ.

రంగనాథ్ మొహం మాడిపోయింది. సుబ్బరాయుడు వెంటనే అతని భుజం తట్టాడు. “మొదటిది పోనీ నాయనా. రెండో ప్లేటులో నీ తొలకరి వేస్తాను. రెండు పక్కలా వేస్తాను” అన్నాడు. ఆ మాటతో రంగనాథ్ మెత్తబడ్డాడు.

మద్రాసులో చల్లటి గదిలో, గాజు అద్దం అవతల సుబ్బరాయుడు కూర్చోగా, కొమురెల్లి నాట్ల బాణీ మూడుసార్లు ఊదాడు. చివరి స్వరాన్ని మూడోసారి ఇరవై రెండు లెక్కపెట్టేదాకా నిలబెట్టాడు. జీవితంలో అంతసేపు ఎప్పుడూ నిలబెట్టలేదు. కళ్ల ముందు చుక్కలు కనబడ్డాయి. “భలే!” అన్నాడు సుబ్బరాయుడు. నలుగురూ సంతోషంగా రైలెక్కి వచ్చేశారు.

నెలన్నరకు ప్లేటు వచ్చింది. తార్నాక చౌరస్తాలో ఇరానీ హోటల్లో రికార్డు ప్లేయరు ఉండేది. సాయంత్రం నలుగురూ అక్కడే కూర్చుని విన్నారు. కొమురెల్లి చాయ్ సాసరులో పోసుకొని, మొదటిసారి తన ఊపిరిని బయటినుంచి వింటూ పెళ్లికొడుకులా సిగ్గుపడ్డాడు. చివరి స్వరం మొదలైంది. సరదాకి బల్ల కింద వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టాడు. తొమ్మిది దగ్గర స్వరంలో చిన్న వణుకు వచ్చింది, అవును, అక్కడ పెదవి జారిందని అతనికి గుర్తే. ఇరవై. ఇరవై ఒకటి. ఇరవై రెండు. ఇక ఆగాలి.

ఆగలేదు. ఇరవై మూడు, ఇరవై నాలుగు. కొమురెల్లి చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఇరవై ఎనిమిది దగ్గర అదే వణుకు మళ్లీ వచ్చింది, అదే పెదవి అలాగే జారింది. స్వరం నలభై ఒకటి దాకా పోయి ఆగింది. తన గొంతుతో ఇంకెవరో మాట్లాడుతుంటే విన్నవాడిలా అతను బిగుసుకుపోయాడు. సాసరులో చాయ్ చల్లారిపోయింది.

హోటలంతా చప్పట్లు కొట్టింది. పక్క బల్ల దగ్గర వెంకటేశం అనే విద్యార్థి లేచి నిలబడ్డాడు. కెమిస్ట్రీలోనే ఎమ్మెస్సీ చదివే పిల్లవాడు, నిన్నటిదాకా “ఏయ్ కొమురెల్లీ” అన్నవాడు. “నేను ఊపిరి బిగబట్టి సూసిన. ముప్పైకే కండ్లు తిరిగినయ్. నీది దమ్మా, కొలిమి తిత్తా అన్నా?” అన్నాడు. ఆ ‘అన్నా’ అనే మాట కొమురెల్లి చెవిలో తేనె పోసినట్టుంది. నోటిదాకా వచ్చిన నిజాన్ని తేనెతో పాటు మింగేశాడు. అతని తప్పంటూ ఏదైనా ఉంటే అదొక్కటే, ఆ ఒక్క గుటక.

సుబ్బరాయుడు మళ్లీ వచ్చినప్పుడు కొమురెల్లి చాటుగా అడిగాడు. “సారూ, గది నేను ఊదింది కాదు. గంతసేపు నాతోని కాదు.”

“నువ్వే ఊదినావప్పా. రెండుసార్లు ఊదినావు. నీ కడా స్వరాన్నే ఇంకో టేపుకు ఎక్కించి, బ్లేడుతో కోసి, దీని కొసకు అతికించినాం. అందరూ చేసేదే. ఎవరికీ చెప్పొద్దు” అన్నాడు సుబ్బరాయుడు, వక్కపొడి నోట్లో వేసుకుంటూ.

రంగనాథ్‌కు చెప్పాడు. రంగనాథ్ గిటారు తీగలు తుడవడం ఆపలేదు. “నాకు తెలుసన్నా. విన్న రోజే తెలిసింది. రెండో ప్లేటు అయ్యేదాకా ఊరుకో. నా తొలకరి ఒక్కటి బయటికి రానీ” అన్నాడు. పిల్లవాడి గొంతులో ఆ ఆశ విన్నాక కొమురెల్లి సరేనని వచ్చేశాడు. తేలు కుట్టిన దొంగ పరిస్థితి అయింది అతనిది.

ఇక అభిమానుల సంగతి. ఆ నలభై ఒకటి ఒక ఆటైపోయింది. విద్యానగర్ హోటళ్లలో, హాస్టలు గదుల్లో ప్లేటు పెట్టి ఊపిరి బిగబట్టడం, ఓడినవాడు చాయ్ తాగించడం. క్యాంపస్ ఫోర్ అనే పేరు ఎవరికీ గుర్తు లేదు, అందరూ ‘నలభై ఒకటి బ్యాండు’ అనేవాళ్లు. ఎక్కడ వాయించినా, మిగతావి వాయిస్తుంటే జనం కబుర్లు చెప్పుకునేవాళ్లు. రంగనాథ్ తొలకరి మొదలుపెడితే రెండో మబ్బు పట్టేలోగా వెనక నుంచి “ఊదు! ఊదు!” అని కేకలు వచ్చేవి. ఆ పిల్లవాడు మధ్యలో ఆపేసి తల తిప్పుకునేవాడు. ఆరు నెలల్లో వాళ్లు వాయించేవి పన్నెండు నుంచి మూడుకు దిగాయి. ఆ మూడింటిలోనూ మొదటి రెండిటిని జనం ఓర్చుకోవాలి కనుక ఓర్చుకునేవాళ్లు.

కొమురెల్లి ఎన్ని సాకులు చెప్పాడో లెక్కలేదు. ఒకచోట క్లారినెట్టు మూతిలో రీడు చీలిందన్నాడు. ఒకచోట మైకు బాగా లేదన్నాడు. ఒకచోట పదిహేను దగ్గరే కన్నుగీటితే బోంగోలవాడు దబదబా మోగించి స్వరాన్ని మింగేశాడు. జనం తిట్టలేదు, అదీ విచిత్రం. “అన్న ఊరికే ఊదుతడా? మన క్యాంపస్‌ల ఊదుతడు సూడుర్రి” అని వెంకటేశమే సమాధానం చెప్పేవాడు. ఎవరు తమలో తాము నవ్వుకున్నా తన గురించేనని కొమురెల్లికి అనుమానం. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో అతన్ని చూస్తే తెలిసేది.

అన్న అని పిలిపించుకోవడం మాత్రం అలవాటైంది, అదే అసలు చిక్కు. లాబులో ఇప్పుడు ఎవరూ ఏయ్ అనడం లేదు. “అన్నా, జర పిపెట్ ఇస్తవా?” అంటున్నారు. ఒకసారి ప్రొఫెసరే బయటి నుంచి వచ్చిన అతిథికి “మా కొమురెల్లి గారు” అని చూపించాడు. ఆ రోజు ఇంటికొచ్చి సమ్మక్కకు మూడుసార్లు చెప్పాడు. నిజం తెలిసిన రోజున ఈ నోళ్లే ఏమంటాయో తలుచుకుంటే అతనికి రాత్రి నిద్ర పట్టేది కాదు. బయటివాళ్ల ముందు పరువు పోతే ఊరు మారవచ్చు. ఇక్కడ రోజూ వాళ్ల గ్లాసులే కడగాలి.

అరవై ఎనిమిది నవంబరులో సుబ్బరాయుడు అసలు బాంబు పట్టుకొచ్చాడు. హాస్టల్ డే నాడు, జనం మధ్యలో, అక్కడికక్కడే రెండో ప్లేటు రికార్డు చేస్తాడట. మద్రాసు నుంచి టేపు మిషను వస్తుందట, రంగనాథ్ తొలకరి కూడా ఆ రోజే ఎక్కిస్తాడట.

“సారూ, నీ కాళ్లు మొక్కుత. వెయ్యి మంది ముంగట నేను సావాల్నా? ఇరవై రెండు గూడ ఇప్పుడు కష్టమే” అన్నాడు కొమురెల్లి.

“యాల భయపడతావప్పా? నాకు నీ ఊపిరి కాదు కావల్సింది. జనం లెక్కపెడతారే, ఆ అరుపులు కావల్ల. ఊపిరి నేను అతికించుకుంటాను.”

“మరి గాడ ఉన్నోళ్ల చెవులకు ఏం అతికిస్తవు?”

సుబ్బరాయుడు నవ్వి, వక్కపొడి నోట్లో వేసుకున్నాడు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అని కొమురెల్లికి అర్థమైంది.

మిగిలిన మూడు వారాలు అతను పిచ్చివాడిలా సాధన చేశాడు. తెల్లవారుజామున బర్రె పాలు పిండే వేళకే లేచి, గోడవైపు తిరిగి ఊదేవాడు. ఇరవై. ఇరవై ఒకటి. ఎంత తన్నుకున్నా ఇరవై మూడు చూడలేదు. ఒకరోజు పట్టుదలకు పోయి, తెరిపి లేకుండా ఊది ఊది, కళ్లు చీకట్లు కమ్మి బర్రె కాళ్ల దగ్గర పడిపోయాడు. సమ్మక్క పాలచెంబు వదిలేసి పరుగెత్తుకొచ్చి, అతని తల ఒళ్లో పెట్టుకొని మొహాన నీళ్లు కొట్టింది.

“ఏందయ్యా గిది? పీక పిసుక్కొని సస్తవా ఏంది?” అని ఏడ్చింది. “ఉన్న ముచ్చట జెప్పెయ్యరాదు? ఏం జేస్తరు, కొడ్తరా?”

“కొడితే మంచిగుండు. నవ్వుతరే. దినాం నవ్వుతరు” అన్నాడు కొమురెల్లి. మట్టి అంటిన క్లారినెట్టును పంచెతో తుడుచుకున్నాడు.

అయినా ఆమె మాట మనసులో పడింది. మరునాడు లాబులో వెంకటేశం ఒంటరిగా దొరికినప్పుడు, గ్యాసు గది తలుపు దగ్గరికి పిలిచాడు. “వెంకటేశం సారూ, ఒక ముచ్చట. ప్లేట్ల ఉన్నంత నేను ఊదలేదు. నాకు అంత దమ్ము లేదు. మిషన్ల అతికించిండ్రు.”

వెంకటేశం ఒక్క క్షణం అతని వంక చూశాడు. తర్వాత పకపకా నవ్వి, రెండు చేతులూ పట్టుకున్నాడు. “ఏమన్నా, దిష్టి తగులుతదని గిట్ల జెప్తున్నవా? నిండుకుండ తొణకదంటరు, గిదే కావచ్చు!” అన్నాడు. సాయంత్రానికి ఆ కబురు హాస్టళ్లన్నీ తిరిగింది. కొమురెల్లన్న తనకు దమ్ము లేదంటున్నాడట, ఎంత నిగర్వి, ఎంత పెద్ద మనసు! నిజం చెప్పినందుకు అతని మీద ఇంకో పూలదండ పడింది. ఇక తప్పించుకునే తోవ లేదని ఆ రోజు కొమురెల్లికి తెలిసిపోయింది. నిజంగా భయపడటం అప్పుడు మొదలైంది. అంతకుముందుది దాని ముందు ఆటలాంటిది.

హాస్టల్ డే నాడు సాయంత్రం ఆరు గంటలకే మైదానంలో వేసిన పందిరి నిండిపోయింది. వేదిక పక్కన బల్ల మీద టేపు మిషను, దాని ముందు సుబ్బరాయుడు. మొదట వాయించిన రెండు బాణీలూ ఎవరూ వినలేదు. కొమురెల్లి ముందుకొచ్చేసరికి పందిరి హోరెత్తింది. గుండె చప్పుడు మైకులో వినబడుతుందేమోనని భయమేసి అర అడుగు వెనక్కి జరిగాడు. ముందు వరుసలో వెంకటేశం అందరివైపూ తిరిగి చేతులెత్తి నిలబడ్డాడు, లెక్క మొదలుపెట్టడానికి.

నాట్ల బాణీ ఎలా నడిచిందో అతనికి తెలియదు. చివరి స్వరం అందుకున్నాడు. “వన్!” అన్నది పందిరి. “టూ!” వెయ్యి గొంతులు. ఒక్కో అంకె ఛాతీ మీద గుద్దినట్టు తగిలింది. పది. పదిహేను. పద్దెనిమిది దగ్గర గొంతు మండింది. ఇరవై దగ్గర చూపు మసకబారింది. ఇరవై రెండు దగ్గర ఊపిరి అయిపోయింది. దీపంలో నూనె అయిపోయినట్టు స్వరం కొడిగట్టి ఆరిపోయింది.

అయిపోయింది, అనుకున్నాడు కొమురెల్లి. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. క్లారినెట్టు నోట్లోనే ఉంది, తీయడానికి చేతులు రాలేదు. ఇప్పుడు నవ్వుతారు. ఇప్పుడు ఈలలు వేస్తారు.

“ట్వెంటీ త్రీ!” అన్నది పందిరి.

“ట్వెంటీ ఫోర్!”

కళ్లు తెరిచాడు. ఎవరి మొహంలోనూ అనుమానం లేదు. నోళ్లు తెరుచుకొని, నరాలు ఉబ్బించుకొని, వెయ్యి మంది అరుస్తున్నారు. ఆ అరుపుల్లో క్లారినెట్టు ఉందో లేదో ఎవరికీ వినబడటం లేదు, ప్లేటు మీద వందసార్లు విన్న స్వరం వాళ్ల చెవుల్లో నడుస్తూనే ఉంది. ముప్పై. ముప్పై అయిదు. కొమురెల్లి ఊదని క్లారినెట్టు నోట్లో పెట్టుకొని, బుగ్గలు ఉబ్బించుకొని, బొమ్మలా నిలబడ్డాడు. “ఫార్టీ వన్!” అన్న కేకతో పందిరి కూలిపోతుందేమో అన్నంత చప్పట్లు. టోపీలు, పుస్తకాలు గాల్లోకి ఎగిరాయి. వెంకటేశం కళ్లలో నీళ్లు.

తెర వెనక్కి వచ్చి కొమురెల్లి కుర్చీలో కూలబడ్డాడు. బతికానన్న ఊరట రావలసిన చోట ఇంకేదో చల్లగా పాకుతోంది. సుబ్బరాయుడు వచ్చి అతని వీపు తట్టాడు.

“ఇరవై రెండు దగ్గర ఆగిపోయినావు. నేను విన్నాను. ఏమైంది? ఏమీ కాలేదు!” అన్నాడు మెరిసే కళ్లతో. “ఇంక నీకేం భయంలేదప్పా. ఇంక నువ్వు ఊదాల్సిన పనే లేదు. నోట్లో పెట్టుకొని నిలబడు, చాలు. మూడో ప్లేటుకు అరవై చేద్దాం.”

మూడు వారాలుగా భయపడింది ఈ భయం ముందు ఎంత! దొరికిపోతే నవ్వుతారు, నవ్వడానికైనా వాళ్లు వినాలి కదా. ముప్పై ఏళ్లుగా తనకు వచ్చింది, తనదంటూ ఉన్నది ఆ ఊపిరి ఒక్కటే. అది అక్కర్లేదట. అది ఉన్నా లేకపోయినా ఒకటేనట. బతికుండగానే తన పాడె తను చూసుకున్నట్టయింది అతనికి.

బయట “వన్స్ మోర్! వన్స్ మోర్!” అని మోత. సుబ్బరాయుడు మిషను దగ్గరికి పరుగెత్తాడు. రంగనాథ్ గిటారు సర్దుకుంటూ, “ఇదొక్కసారి అన్నా. తర్వాత తొలకరి” అన్నాడు. కొమురెల్లి అతని మొహం వైపు చూడలేకపోయాడు.

మళ్లీ బాణీ, మళ్లీ చివరి స్వరం. “వన్! టూ!” పది దాకా ఊదాడు. పదో లెక్క దగ్గర, ఊపిరి ఇంకా మిగిలి ఉండగానే, క్లారినెట్టు నోట్లోంచి తీసి, అందరికీ కనబడేలా తల మీదికి ఎత్తి పట్టుకున్నాడు. లెక్క దాని జోరుకు అది పోతూనే ఉంది. పన్నెండు. పదమూడు. ముందు వరుసలో వెంకటేశం ఆగాడు. తర్వాత వెనకవాళ్లు. ఎక్కడో చివర ఒక గొంతు ఒంటరిగా “ఎయిటీన్” అని ఆగిపోయింది.

“గిందాక గూడ ఇరవై రెండుకే ఆగిన” అన్నాడు కొమురెల్లి. మైకు ముందు మాట్లాడటం అదే మొదలు, పళ్లు టకటకలాడుతున్నాయి. “మీరు ఇనలే. ప్లేట్ల నలభై ఒకటి నాది గాదు. మిషనుది. నా దమ్ము ఇరవై రెండు. గీసారి లెక్కపెట్టకుర్రి. జర ఇనుర్రి.”

“మోసం!” అని ఎవరో అరిచారు. ఈలలు, నవ్వులు. అతను భయపడిన ప్రతి చప్పుడూ వచ్చింది, ఒక్కటీ తప్పలేదు. రంగనాథ్ గిటారు పెట్టెలో పెట్టుకొని, వేదిక దిగిపోయాడు. సుబ్బరాయుడు మిషను ఆపేసి తీగలు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. సగం పందిరి లేచి వెళ్లిపోతుంటే, కొమురెల్లి ఒక్కడే నాట్ల బాణీ మొదటి నుంచి ఊదాడు. చివర స్వరం తన ఊపిరి ఉన్నంత మేర నిలబెట్టి, వణికే చోట వణకనిచ్చి, ఆపేశాడు. ఒకటి రెండు చోట్ల చప్పట్లు వినబడ్డాయి.

రెండో ప్లేటు రాలేదు. తొలకరి ఎన్నడూ ప్లేటెక్కలేదు. రంగనాథ్ పరీక్షలు రాసి, బ్యాంకు ఉద్యోగానికి వెళ్లిపోయాడు. వెళ్లేముందు కొమురెల్లి ఇంటికొచ్చి సమ్మక్క ఇచ్చిన మజ్జిగ తాగాడు గానీ, ఆ సంగతి ఎత్తలేదు. ఆ పిల్లవాడికి తను చేసిన నష్టం అతన్ని చివరిదాకా ముల్లులా గుచ్చుతూనే ఉండింది.

హాస్టల్ డే తర్వాత సోమవారం లాబు తెరిచారు. కొమురెల్లి భయంభయంగా తలుపు దగ్గర నిలబడ్డాడు. పిల్లలు గుసగుసలాడుకుంటూ లోపలికి వచ్చారు. వెంకటేశం అతని పక్క నుంచే, మొహం చూడకుండా వెళ్లి తన బల్ల దగ్గర నిలబడ్డాడు.

“ఏయ్ కొమురెల్లీ, పిపెట్ తే” అన్నాడు.

కొమురెల్లి కడిగిన పిపెట్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. వెంకటేశం దాన్ని తీసుకోలేదు.

“దసరాకు ఆ ప్లేటు మా ఊరికి పట్కపోయిన. మా అవ్వకు ఇనిపించిన. మా కొమురెల్లన్న అని జెప్పిన. ఊరంతా కూసుండి లెక్కపెట్టిండ్రు” అన్నాడు. “ఇప్పుడు మా అవ్వకు ఏమని జెప్పాలె?”

కొమురెల్లికి కళ్లలో నీళ్లు తిరిగాయి. భయం కోసం లోపల వెతుక్కుంటే దొరకలేదు.

“ఇరవై రెండని జెప్పు సారూ” అన్నాడు. “గంత మట్టుకు నాదే.”